పాత 46 గ్లో ఇంజిన్ విప్పేశాను, పిస్టన్, కనెక్టింగ్ రాడ్ ఎటు తిప్పి పెట్టాలి?

బెజవాడ_బాల్సా:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నాది విజయవాడ, పటమట. మా మేనమామ వాళ్లది గుంటూరు బ్రాడీపేట. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండగా ఆయనకి ఈ బొమ్మ విమానాల పిచ్చి పట్టుకుంది, ఉద్యోగం వచ్చాక కూడా కొన్నేళ్లు ఎగరేశాడు. మొన్న సంక్రాంతికి వెళితే, వెల్ల వేయించడానికని అటక మీద సామానంతా దించారు. అందులో ఒక బిస్కెట్ డబ్బా, డబ్బాలో పాత బనీను గుడ్డలో చుట్టిన గ్లో ఇంజిన్, అంటే మిథనాల్, ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే చిన్న టూ స్ట్రోక్ విమానం ఇంజిన్. కేసు పక్కన 46 అనే అంకె తప్ప ఏమీ చదవడానికి లేదు. "ఓపికుంటే తీసుకుపోరా, నాకు దాని వాసన గుర్తుంది గానీ పని గుర్తులేదు" అన్నాడు.

షాఫ్ట్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. లోపల ఆముదం ముదురు పాకంలా గడ్డకట్టింది. పక్కింటివాళ్ల హీట్ గన్ తెచ్చి బాగా వేడి చేస్తే కిర్రుమంటూ తిరిగింది. ఆ ఉత్సాహంలో హెడ్ బోల్టులు, వెనక ప్లేటు విప్పేశాను, లైనర్ (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం) పైకి లాగాను, పిస్టన్ రాడ్‌తో సహా బయటికి వచ్చేసింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. నేను టీ తాగి వచ్చేలోపు మా పదేళ్లవాడు నాన్నకి సాయం చేద్దామని ముక్కు ప్లయర్‌తో పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు పీకి, పిన్ను తోసేసి, అన్నీ విడివిడిగా కిరసనాయిలు గిన్నెలో ముంచాడు. ఫోటో తీయకుండా విప్పడం నా తప్పే, తిట్టదలచుకున్నవాళ్లు సమాధానం చెప్పాక తిట్టండి.

ఇప్పుడు సంగతేమిటంటే, పిస్టన్ పైన చదునుగా ఉంది, బాణం లేదు, అక్షరం లేదు. కింద అంచున పిన్ను కన్నాల కింద రెండు పక్కలా అర్ధచంద్రంలా కోత ఉంది, రెండూ ఒకేలా ఉన్నాయి. రాడ్ చూస్తే బిగ్ ఎండ్‌కి, అంటే క్రాంక్‌కి తగిలే పెద్ద కొసకి, ఒక పక్కనే చిన్న నూనె కన్నం ఉంది, రెండో పక్క లేదు. మా వీధిలో బైక్ మెకానిక్‌ని అడిగితే బాణం సైలెన్సర్ వైపు పెట్టడమే అన్నాడు. బాణం లేదంటే, అయితే ఎటు పెట్టినా ఒకటే అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. నూనె కన్నం ఎడమకా కుడికా? పిస్టన్ ముందు వెనకలు ఎలా తెలుస్తాయి?

లేత్_నంబర్_7:

మీ మెకానిక్ సగం కరెక్టే చెప్పాడండీ. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లలో పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. హోండా ఫోర్ స్ట్రోక్ పిస్టన్ల మీద ఐఎన్ అని కొట్టి ఉంటే అది కార్బొరేటర్ వైపు. గుర్తు లేదు కాబట్టి ఎటైనా ఒకటే అనేది మాత్రం కొత్త పిస్టన్‌కి చెల్లుతుందేమో, నడిచిన పిస్టన్‌కి చెల్లదు. నేను ఆటోనగర్‌లో లేత్ మీద పని చేస్తాను, ఈ బొమ్మ ఇంజిన్లు నా దగ్గరికి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, కానీ అరుగుదల చూసి సామాను ఏ పక్క నడిచిందో చెప్పడం రోజూ చేసే పనే. ముందు ఒక్క మాట చెప్పండి, పిస్టన్‌ని గానీ లైనర్‌ని గానీ ఎమెరీ పేపర్‌తో, స్క్రబ్బర్‌తో రుద్దలేదు కదా? రుద్దకపోతే సమాధానం మీ చేతిలోనే ఉంది. రుద్దితే చెప్పండి, వేరే దారి చూద్దాం.

గ్లోప్లగ్_గుంటూరు:

బ్రో, సింపుల్. నూనె కన్నం షాఫ్ట్ తిరిగే దిక్కుకి చూడాలి. కేసు లోపల నూనె పొగ ఉంటుంది కదా, రాడ్ దానిలోకి దూసుకెళ్లినప్పుడు కన్నం నూనెని లోపలికి తోడుకుంటుంది. నేను మూడు ఇంజిన్లు అలాగే కట్టాను, మూడూ నడుస్తున్నాయి. పిస్టన్ రెండు పక్కలా ఒకేలా ఉందంటున్నావుగా, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఆముదం_పొగ:

బాబూ, గ్లోప్లగ్ తమ్ముడి మాట వినేసి బిగించబోకు, కాస్త ఆగు. నాదీ గుంటూరే, పట్టాభిపురం. మీ మామయ్య ఎగరేసిన రోజుల్లోనే నేనూ ఎగరేసి ఉంటాను, చూస్తే గుర్తుపడతానేమో.

ముందు ఖాళీ కేసుని బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడు, అంటే విమానంలో పైలట్ కూర్చునే చోటి నుంచి. ప్రొపెల్లర్ అవతల, వెనక ప్లేటు నీ వైపు. పక్క ఎగ్జాస్ట్ ఉన్న ఇంజిన్లలో చాలావాటికి ఎగ్జాస్ట్ నీ కుడి చేతి వైపు వస్తుంది. అటు నుంచి చూస్తే షాఫ్ట్ గడియారం ముల్లులాగే తిరుగుతుంది, ప్రొపెల్లర్ ఎదురుగా నిలబడి చూసేవాడికి అదే తిరగబడి కనిపిస్తుంది. ఈ బొమ్మ ఒక్కటి మనసులో ఉంటే చాలు. మంట తోసి పిస్టన్ కిందికి దిగేటప్పుడు క్రాంక్ పిన్ను (షాఫ్ట్ కొసన ఉన్న డిస్క్ మీది మేకు, రాడ్ అడుగు తగిలేది దానికే) కుడికి పోతుంది, రాడ్ అడుగు దానితోపాటే కుడికి పోతుంది. ఇప్పుడు గోడకి వాల్చిన నిచ్చెన గుర్తు తెచ్చుకో. నిచ్చెన అడుగు కుడికి ఉంటే పై కొస ఎడమ గోడని నొక్కుతుంది కదా. పిస్టన్ కూడా అంతే, దిగేటప్పుడు ఎడమ గోడకి, అంటే ఎగ్జాస్ట్‌కి ఎదురు గోడకి, ఒరుసుకుంటూ దిగుతుంది. లైనర్‌లో పొగ పోవడానికి కిటికీ (పోర్ట్) కోసిన పక్క మీద బరువు పడకుండా ఉండటం మనకీ మంచిదే.

కాబట్టి నడిచిన పిస్టన్‌కి ఎడమ పక్క ఎక్కువ మెరుస్తుంది, నిలువుగా సన్నటి గీతలు ఉంటాయి. కుడి పక్క, ఎగ్జాస్ట్ కిటికీలోంచి కనబడే చోట, కాలిన ఆముదం పట్టి స్టీలు గ్లాసులో ఎండిన టీ మరక రంగులో ఉంటుంది. ఆ మరక కిరసనాయిలుకి పోదు, మీవాడు ఇంకో పదిసార్లు ముంచినా పోదు. పిస్టన్‌ని ఇంటి కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని వేళ్ల మధ్య మెల్లగా తిప్పు. ట్యూబ్‌లైట్ కింద చూస్తే అంతా ఒకేలా కనబడుతుంది, నేను చాలాసార్లు మోసపోయాను.

ఇదంతా ఎందుకంటే, నీది 46, అంటే 0.46 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 7.5 సీసీ. పిస్టన్ చుట్టూ రింగు ఉన్న సంగతి నువ్వు రాయలేదు కాబట్టి అది ఏబీసీ రకం అనుకుంటున్నాను: అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, లైనర్ లోపల క్రోమ్ పూత. కొందరు క్రోమ్ బదులు నికెల్ వేస్తారు. లైనర్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చల్లగా ఉన్నప్పుడు పై కొసన పిస్టన్‌ని పట్టేస్తుంది, వేడెక్కితే ఇత్తడి లైనర్, పిస్టన్ కన్నా ఎక్కువ వ్యాకోచించి సరిగ్గా వదులవుతుంది. నీ హీట్ గన్‌కి షాఫ్ట్ తిరగడంలో ఆముదం కరగడంతోపాటు ఇదీ ఉంది. ఇలాంటి జత కొన్ని గంటలు కలిసి నడిస్తే ఒకదాని ఒంపు ఇంకోదానికి సరిపోయేలా అరుగుతుంది. పిస్టన్‌ని సగం చుట్టు తిప్పి పెడితే ఆ జత చెడుతుంది, కంప్రెషన్ పోతుంది, మళ్లీ మొదటినుంచి అరగదీసుకోవాలి, ఒక్కోసారి ఎంత అరగదీసినా కుదరదు.

ఇక రాడ్. నూనె కన్నాన్ని కాసేపు మరిచిపో. క్రాంక్ పిన్ను డిస్క్‌లోంచి మొలిచే మూల దగ్గర గోరు పెట్టి చూడు. అక్కడ నిటారుగా కోసిన మూల ఉండదు, కొంచెం వంపు ఉంటుంది, ఆ వంపు లేకపోతే పిన్ను అక్కడే విరుగుతుంది. రాడ్ బిగ్ ఎండ్‌లో కంచు బుష్ ఉంటుంది చూశావా, దాని అంచు ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది, టర్నర్లు చాంఫర్ అంటారు. ఆ చాంఫర్ ఆ వంపు కోసమే. కాబట్టి చాంఫర్ ముందుకి, క్రాంక్ డిస్క్ వైపుకి. రెండో పక్క అంచు పదునుగా ఉంటుంది, అది వెనక ప్లేటు వైపుకి.

ఇది తిరగేసి పెడితే ఏమవుతుందో నాకు పుస్తకం చెప్పలేదు, నా పాత 40 సైజు ఇంజిన్ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాత్రి పదకొండింటికి, కరెంటు పోయి కొవ్వొత్తి వెలుగులో కట్టాను. చేత్తో తిప్పితే బాగానే తిరిగినట్టనిపించింది. పొద్దున్నే స్టార్ట్ చేశాను, రెండు ట్యాంకులు నడిచింది, చప్పుడు కొంచెం గరుగ్గా ఉంది అనుకున్నాను అంతే. ఎగ్జాస్ట్ కింద గుడ్డ పెడితే మామూలుగా తేనె రంగు నూనె కారుతుంది, ఆ రోజు సిమెంటు కలిపిన నీళ్లలా బూడిద రంగులో కారింది, ఎండకి పట్టుకుంటే అందులో వెండి రజను. అప్పుడు కూడా ఆపలేదు, ఇంకో ట్యాంకు పోశాను. విప్పేసరికి వెనక ప్లేటు మీద గ్రామఫోన్ రికార్డులా వలయాలు, బుష్ అంచు నలిగి బయటికి పొంగింది, పిన్ను మొదట్లో గీతలు. పదునైన అంచు వంపు మీదికెక్కి రాడ్‌ని ప్రతి చుట్టుకీ వెనక్కి నెట్టింది, రాడ్ పోయి వెనక ప్లేటుకి రాసుకుంది. రాడ్, క్రాంక్ రెండూ మార్చాల్సి వచ్చింది. క్రాంక్ దొరకడానికి పట్టిన నెలల గురించి ఇప్పుడెందుకులే.

చాంఫర్ ముందుకి పెడితే నూనె కన్నం ఎటు వస్తే అటు. రాడ్‌కి ఎదురుగా ఉన్న రెండు పక్కల్లో ఒకే పక్క కన్నం ఉంది కాబట్టి, ముందు వెనక తేలితే ఎడమ కుడి దానంతట అదే తేలుతుంది.

గ్లోప్లగ్_గుంటూరు:

మాస్టారూ, చాంఫర్ రెండు పక్కలా సమానంగా ఉన్న రాడ్లు కూడా నేను చూశాను. అప్పుడేం చేస్తారు? అప్పుడు కన్నమే కదా దారి చూపాలి? పైగా నా మూడు ఇంజిన్లూ నడుస్తున్నాయని చెప్పాను, దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

లేత్_నంబర్_7:

నేను చెబుతాను. మీ మూడు ఇంజిన్లలో కన్నం తిరిగే దిక్కుకి పెట్టినప్పుడు చాంఫర్ కూడా ముందుకే వచ్చి ఉంటుంది, లేదా రెండు పక్కలా చాంఫర్ ఉండి ఉంటుంది. అంటే పని చేసింది చాంఫర్, పేరు కన్నానికొచ్చింది.

టూ స్ట్రోక్‌లో ఇంకో సంగతుంది. ప్రతి చుట్టుకీ ఒకసారి మంట తోస్తుంది, ఒకసారి కంప్రెషన్ ఎదురొస్తుంది, కాబట్టి రాడ్ దాదాపు ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది, లాగుడు తక్కువ. అంటే బుష్‌లో బరువంతా పై సగం మీద, పిస్టన్ వైపున్న సగం మీద. కింది సగం మీద పెద్దగా బరువుండదు. అందుకే కన్నాన్ని పైన బరువుపడే చోట కొట్టరు, అడుగునో పక్కకో కొడతారు, బరువు లేని చోటి నుంచి నూనె లోపలికి దూరి పిన్ను చుట్టూ పాకుతుంది. ఎడమైనా కుడైనా అది బరువు లేని సగమే. కన్నం ఎటో పెట్టి ఇంజిన్ పోగొట్టుకున్నవాడిని నేను చూడలేదు, చాంఫర్ తిరగేసి పోగొట్టుకున్నవాళ్లని ఇద్దరిని చూశాను, పైన మాస్టారితో ముగ్గురు.

రెండు పక్కలా చాంఫర్ సమానంగా ఉంటే మళ్లీ అరుగుదలే చూడాలి. రాడ్ బిగ్ ఎండ్ ముఖాల్లో క్రాంక్ డిస్క్‌కి తగిలే ముఖం వలయంగా మెరిసి ఉంటుంది, వెనక ముఖం మసకగా ఉంటుంది. మైక్రోస్కోప్ అక్కర్లేదు, పది రూపాయల భూతద్దం చాలు. ఆ ఇంజిన్ కాగితం దొరికి అందులో కన్నం ఎటుండాలో రాసి ఉంటే మాత్రం కాగితం మాటే వినండి, నా మాట కాదు.

బెజవాడ_బాల్సా:

అందరికీ థాంక్స్. ఏమీ రుద్దలేదు, దేవుడి దయ. రింగు లేదు మాస్టారూ, పిస్టన్ నున్నగా ఉంది.

పొద్దున్న బాల్కనీలో కూర్చుని చూశాను. మాస్టారు చెప్పినట్టే పిస్టన్ ఒక పక్క అచ్చం టీ మరక ఉంది, బొటనవేలి గోరంత వెడల్పు, పై అంచు దగ్గర ముదురుగా, కిందికొచ్చేకొద్దీ పలచగా. దానికి ఎదురు పక్క తళతళ మెరుస్తోంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఇదే పిస్టన్‌ని అరగంట చూశాను, ఒక్కటీ కనబడలేదు.

రాడ్ దగ్గర మాత్రం నాకు సందేహం. బుష్ రెండు పక్కలా ఏటవాలుగానే కనిపిస్తోంది. కానీ గోరు పెట్టి లాగితే ఒక పక్క గోరు జారిపోతోంది, రెండో పక్క కొంచెం పట్టుకుంటోంది. జారిపోయేది చాంఫర్, పట్టుకునేది ఊరికే గరుకు తీసిన అంచు అనుకోవచ్చా? గోరు జారే ముఖమే మెరుస్తూ ఉంది కూడా. అలా పెడితే నూనె కన్నం వెనక నుంచి చూసినప్పుడు ఎడమకి వస్తోంది, అంటే ఎగ్జాస్ట్‌కి ఎదురు పక్కకి.

లేత్_నంబర్_7:

అనుకోవచ్చు. రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబుతున్నాయి, ఇంక మూడోది వెతకొద్దు. పెట్టేయండి.

ఆముదం_పొగ:

సరిగ్గా చూశావు. ఇప్పుడు బిగించే ముందు నాలుగు మాటలు.

సర్‌క్లిప్పులు పాతవి వాడకు. మీవాడు ప్లయర్‌తో పీకాడన్నావు, అవి ఈపాటికి వంగే ఉంటాయి. కొత్తవి దొరికేదాకా ఆగు, మోపెడ్‌వి సరిపోతాయేమో అని ఎక్కించబోకు. పెట్టేటప్పుడు క్లిప్పు నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి ఉండకూడదు. పిస్టన్ నిమిషానికి పదివేల సార్లకి పైగా పైకీ కిందికీ ఎగురుతుంది, నోరు పక్కకుంటే ఆ ఊపుకి క్లిప్పు ముడుచుకుని గాడిలోంచి లేస్తుంది. లేచిన క్లిప్పు లైనర్‌లో నిలువునా గాడి పెడుతుంది, ఇక ఆ లైనర్‌ని ఎవరూ బాగుచేయలేరు, ఆటోనగర్ వాళ్లు కూడా.

పిస్టన్‌కి రాడ్ బయటే తగిలించుకో. టీ మరక ఎగ్జాస్ట్ వైపు, చాంఫర్ ముందుకి, ఈ రెండూ ఒకేసారి కుదిరాయో లేదో పిన్ను ఎక్కించే ముందే చూసుకో, ఎక్కించాక చూసుకుంటే క్లిప్పు మళ్లీ పీకాలి. అన్నిటికీ ధారాళంగా నూనె పట్టించి పిస్టన్‌ని పై నుంచి కేసులోకి దించు, వెనక నుంచి బిగ్ ఎండ్‌ని పిన్ను మీదికి జరుపు. బలవంతం చేయకు, క్రాంక్ మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఒకచోట దానంతటదే ఎక్కుతుంది. తర్వాత లైనర్‌ని పిస్టన్ మీదుగా దించాలి. లైనర్ పై అంచుకి చిన్న గాడి ఉంటుంది, కేసులో దానికి సరిపడే పిన్నో మేకో ఉంటుంది, అది కుదిరితే కిటికీలన్నీ వాటి చోటికి వచ్చేస్తాయి. లైనర్ కిందే కాస్త వెడల్పు కాబట్టి పిస్టన్ సులువుగానే దూరుతుంది.

షాఫ్ట్ తిరగకుండా ఆపాలని ఎగ్జాస్ట్ కిటికీలోంచి స్క్రూడ్రైవర్ దూర్చే అలవాటు కొందరికుంది. ఆ పని మాత్రం చేయకు. పిస్టన్ అంచూ పోతుంది, లైనర్ పూతా పోతుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కూడా రాస్తాను, అందరి ఇంజిన్లూ ఇలా చదునుగా ఉండవు. నా పాత వాటిల్లో పిస్టన్ నెత్తిన గోడలాంటి దిమ్మ ఉండేది. ఒక పక్క నిటారుగా, ఒక పక్క వాలుగా. నిటారు పక్క మిశ్రమం లోపలికొచ్చే కిటికీ వైపు, వాలు పక్క ఎగ్జాస్ట్ వైపు. వచ్చిన మిశ్రమం గోడకి తగిలి పైకి లేవాలి, తిన్నగా ఎగ్జాస్ట్‌లోకి పారిపోకూడదు, దాని పని అదే. 1920లలో జర్మనీ ఇంజినీరు ష్నూర్లె కిటికీల కోణాలు మార్చి మిశ్రమాన్ని ఎగ్జాస్ట్‌కి ఎదురు గోడ వైపు తిప్పే పద్ధతి తెచ్చాక ఆ దిమ్మ అక్కర్లేకపోయింది, అందుకే నీ పిస్టన్ చదునుగా ఉంది. రింగు పిస్టన్ అయితే రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు కొసలు అక్కడ కలవాలి, ఆ కొసలు కిటికీ మీదుగా పోకుండా గోడ ఉన్న చోటనే పోవాలి, లేకపోతే కొస కిటికీలో చిక్కుకుని పుటుక్కుమంటుంది. కొన్నింటికి కోత ముందు పక్కే ఉంటుంది, క్రాంక్ డిస్క్ బరువు దిమ్మ తగలకుండా. కొన్నింటికి పిస్టన్ పక్కన ఒకే కిటికీ ఉంటుంది, అది ఎగ్జాస్ట్‌కి ఎదురు వైపు పోవాలి. పొరపాటున ఎగ్జాస్ట్ వైపు పెడితే పిస్టన్ పైకి పోయినప్పుడు కేసు ఎగ్జాస్ట్‌లోకి తెరుచుకుంటుంది, ఇంజిన్ ఇంధనం పీల్చడం మానేస్తుంది, మనం నీడిల్ (ఇంధనం ఎక్కువ తక్కువలు చేసే మర) తిప్పుకుంటూ కూర్చుంటాం.

గ్లోప్లగ్_గుంటూరు:

మాస్టారూ, నా మూడింట్లో ఒకటి ఈ రోజు విప్పి చూశాను. చాంఫర్ ముందుకే ఉంది. లేత్ అన్న చెప్పిందే నిజం. నోరు మూసుకుంటున్నాను :)

రెండోది విప్పను, అది బాగా ఎగురుతోంది, నిద్రపోయే కుక్కని ఎందుకు లేపడం.

బెజవాడ_బాల్సా:

రెండు వారాలయింది, సర్‌క్లిప్పులు ఆన్‌లైన్‌లో తెప్పించేసరికి ఆలస్యమైంది. నిన్న ఆదివారం కట్టేశాను. ఈసారి మావాడే ఫోటోలు తీశాడు, ప్రతి మెట్టుకీ మూడేసి. క్లిప్పు ఒకటి ఎగిరి మంచం కిందికి పోయింది, ముగ్గురం టార్చి వేసుకుని వెతికాం, పొరపాటున జత ఎక్కువ తెప్పించడం మంచిదైంది.

ఒక్కటే భయం. గ్లో ప్లగ్ తీసేసి చేత్తో తిప్పుతుంటే చుట్టంతా నున్నగా పోతోంది, కానీ పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోట గట్టిగా పట్టి, కిచుక్కుమని వదులుతోంది. మా మెకానిక్ చూసి "600 నంబర్ ఎమెరీతో రెండు రౌండ్లు రుద్దు, ఫ్రీ అయిపోద్ది" అన్నాడు. రుద్దాలా?

లేత్_నంబర్_7:

వద్దు వద్దు వద్దు. ఆ పట్టు ఉండాల్సిందే, అది ఉంటేనే ఇంజిన్ బతికున్నట్టు. రుద్దితే ఆ జత పోయినట్టే, కొత్త లైనర్ పిస్టన్ సెట్టు ఖరీదు మీకు తెలుసు కదా. చుట్టులో ఇంకెక్కడైనా పడుతోందా, గరగరమంటోందా అది చూడండి. బేరింగుకి తుప్పు పడితే చుట్టంతా సన్నగా గరగరమంటుంది, మన బెజవాడ తేమకి, లోపల మిగిలిన మిథనాల్‌కి అది మామూలే. వెనక ప్లేటు బిగించాక రాడ్ కాస్త ముందుకీ వెనక్కీ ఆడుతోందా?

బెజవాడ_బాల్సా:

గరగర లేదు. రాడ్ వెనక ప్లేటు తీసినప్పుడు చూస్తే వెంట్రుకంత ఆడుతోంది, ఎక్కడా రాసుకోవట్లేదు. ఎమెరీ పేపర్ ఇంట్లో ఉన్నది కూడా దాచేశాను, మావాడికి దొరక్కుండా.

ఆముదం_పొగ:

అయితే అంతా బాగున్నట్టే. హెడ్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకు.

మొదటిసారి నడిపేటప్పుడు 11×6 సైజు ప్రొపెల్లర్ వేసి, నూనె 20 శాతం దాకా ఉన్న ఇంధనం పొయ్యాలి, ఆ నూనెలో సగమైనా ఆముదం ఉండాలి. మందుల షాపు ఆముదం కాదు, మోడల్ ఇంధనానికి పనికొచ్చేది చూసి తీసుకో. రింగు ఇంజిన్‌లాగా మరీ తడితడిగా, పొగ కక్కుతూ ఎక్కువసేపు నడపకు. ఏబీసీకి వేడి కావాలి, వేడెక్కకపోతే లైనర్ వదులవదు, పట్టు మీదనే పిస్టన్ అరిగిపోతుంది. నీడిల్ కాస్త బిగించి, ఇంధనం ఎక్కువైనప్పుడొచ్చే ఫోర్ స్ట్రోక్ లాంటి బొంగురు చప్పుడుకీ అసలు టూ స్ట్రోక్ చప్పుడుకీ మధ్య ఊగుతూ ఉండేలా చూసుకుని, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి చల్లారనివ్వు. గుడ్డ పెట్టి కారే నూనె రంగు చూడు, తేనె రంగైతే సరే, బూడిద రంగొస్తే నా 40 గుర్తు తెచ్చుకుని వెంటనే ఆపేయి. మీవాడిని ప్రొపెల్లర్ వెనక నిలబెట్టు, పక్కన కాదు. మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనబడదు, నీళ్ల బకెట్, తడి గోనె దగ్గరుంచుకో.

బెజవాడ_బాల్సా:

సరే మాస్టారూ, అలాగే చేస్తాను. రాత్రి మామయ్యకి ఫోన్ చేసి కట్టేశానని చెబితే, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "చాంఫర్ ముందుకే పెట్టావా?" అన్నాడు. పని గుర్తులేదన్నాడు కదా మొన్న. ఇంధనం దొరకగానే వచ్చే ఆదివారం గుంటూరు వెళ్లి ఆయన ముందే స్టార్ట్ చేస్తాను, మీరు పట్టాభిపురంలోనే ఉంటారు కాబట్టి వీలుంటే మీరూ రండి.